ఐదో కాంటూరు లోపల

మా పెద్దమ్మాయి కూతురు అటవీశాఖలో చేరింది. మొదటి పోస్టింగే కొల్లేరు. "తాతయ్యా, నువ్వు డ్రెయిన్ల శాఖలో పనిచేసినప్పుడు చూసిందంతా చెప్పు" అంది ఫోన్లో. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి దాని ఫోను చార్జింగ్ అయిపోయింది. అందుకని తణుకులో, వీధి అరుగు మీద కూర్చుని కాగితం మీద పెడుతున్నాను. వర్క్ ఇన్‌స్పెక్టరుగా కైకలూరు, ఆకివీడు వైపు గట్ల వెంట తిరిగినవాణ్ణి. నాకు తెలిసిందల్లా నీళ్లు, మట్టి, వాటి మీద బతికే జనం.

1. ముందు నీళ్లు చూడు

కొల్లేరు అనగానే వచ్చినవాళ్లంతా తలెత్తి ఆకాశంలోకి చూస్తారు. నువ్వు మాత్రం వంతెన ఖానాల్లోకి వంగి చూడు. కృష్ణ ఒక పక్క, గోదావరి ఒక పక్క వేల ఏళ్లు మట్టి తెచ్చి మెరక చేసుకుంటూ పోతే నడుమ మిగిలిపోయిన పల్లం ఇది. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దిగుతాయి. వాటికి తోడు రెండు డెల్టాల పంట కాలువల చివరి నీళ్లు, మురుగు డ్రెయిన్లు కలిపి 60 పైచిలుకు. ఇన్ని వచ్చిపడే చోట బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆకివీడు పక్కనుంచి మెలికలు తిరుగుతూ దాదాపు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో పడుతుంది. పైనుంచి వరద వచ్చే వేగానికీ ఉప్పుటేరు లాగే వేగానికీ పొంతన ఉండదు. వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట పరుచుకుని తన వంతు కోసం ఆగాలి. ఆ ఆగే చోటే కొల్లేరు.

కాంటూరు అనే మాట నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. మా లెక్కలో చెబుతాను. సముద్ర మట్టానికి మూడడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులకు, అంటే ఐదో కాంటూరుకు, చేరితే 308. పదడుగులకు చేరితే 901. అంటే రెండడుగులు పెరిగితే విస్తీర్ణం రెట్టింపు దాటిపోతుంది. బావి కాదిది, పళ్లెం. పళ్లేనికి అంచు దగ్గర చిన్న గట్టు వేసినా ఆ మేర నీరు ఇంకోవైపు ఎవరి ఇంట్లోకో వెళ్లాల్సిందే. ఆఫీసులో నీ ముందుకు వచ్చే ప్రతి అర్జీ కిందా ఈ లెక్క ఉంటుంది. చేపల చెరువు కావచ్చు, రోడ్డు ఎత్తు పెంచడం కావచ్చు, బోటు జెట్టీ కావచ్చు. ముందు అది ఎన్నో కాంటూరులో ఉందో అడుగు.

2. ఊళ్లు గీత కంటే పాతవి

1999 అక్టోబరు 4న 120 నంబరు జీవోతో ఐదో కాంటూరు లోపలిదంతా వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002 ఆగస్టు 19న రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. అప్పుడు లెక్కలోకి తీసుకున్నది పదో కాంటూరు వరకు, 90,100 హెక్టార్లు. బోర్డుల మీద ఈ రెండు తేదీలే కనిపిస్తాయి. కానీ సరస్సు లోపల 46 లంక గ్రామాలు, చుట్టూ మరో 76 గ్రామాలు అంతకు ఎన్నో తరాల ముందునుంచి ఉన్నాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడికి వెళ్లి పెద్దవాళ్లను కదిపితే గజపతుల కాలం నుంచి మొదలుపెడతారు. పేరంటాల కనుమ కథ చెబుతారు. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని వాదించకు. ఈ నీటి మీద మాకు హక్కుంది అని వాళ్లు చెప్పే పద్ధతి అది.

లంకల్లో చేపలు పట్టే వడ్డీల బతుకు పాతరోజుల్లో రెండు ముక్కలుగా ఉండేది. నీళ్లున్నన్నాళ్లు తాటిదోనె, వల, వెదురు మావులు. కొర్రమీను, జెల్ల, మట్టగిడస, ఇంగిలాయి. వేసవికి నీరు లాగేశాక తేలిన నేల మీద దాళ్వా వరి. వరద వచ్చిందా, పంట పోయినట్టే. 1976 ప్రాంతంలో ప్రభుత్వం మత్స్యకారుల సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వుకోమని భూమి చూపించింది. పేదవాడికి నిలకడగా ఆదాయం రావాలనే ఆలోచన, తప్పుపట్టేది కాదు. కానీ చెరువు తవ్వాలన్నా, పిల్ల వేయాలన్నా, తవుడూ చెక్కా కొనాలన్నా డబ్బు కావాలి. అది బయటినుంచి వచ్చింది. చెరువులు లీజుకు పోయాయి. సొసైటీ సభ్యుడు ఏటా వాటా అందుకుని, తన చెరువుకే రాత్రి కాపలాదారుడయ్యాడు. లంకల్లో మేడలు లేచాయి, అదీ నిజమే. బొచ్చె, శీలావతి లారీల్లో మంచుగడ్డల మధ్య కలకత్తా వెళ్లడం మొదలైంది.

2001 ఫిబ్రవరిలో ఉపగ్రహం తీసిన బొమ్మలు చూసి లెక్కకడితే, అందులో తీసుకున్న 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులే. నీళ్లున్నవి 1,050, ఎండినవి 38. ఇంకో ఎనిమిదిన్నర శాతం సేద్యం కింద పోయింది. అంటే సగం సరస్సు గట్ల వెనక్కి వెళ్లిపోయింది. దీని మీద హైకోర్టు మెట్లెక్కినవాళ్లలో రాజమండ్రి నుంచి తల్లావజ్ఝల పతంజలి శాస్త్రిగారు ఉన్నారు. 2023 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన కథా రచయిత ఆయనే. 2001లో తీర్పు వచ్చింది. తర్వాత సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ కదిలింది. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొక్లెయిన్లు, మందుగుండు పెట్టి గట్లు కొట్టించింది. దాన్నే ఆపరేషన్ కొల్లేరు అన్నారు.

3. గట్టు కొట్టడం సులువు, గట్టు మళ్లీ లేవకుండా చూడటం నీ ఉద్యోగం

ఆ రోజుల్లో గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి. పొక్లెయిన్ తొండం దించగానే చెరువు నీరు సరస్సులోకి ఉరుకుతుంటే ఒకవైపు ఈలలు, ఇంకోవైపు ఏడుపులు. సరస్సు ఊపిరి పీల్చుకుందన్న మాట నిజం. ఆ ఏడాదే బతుకుతెరువు పోయి వలస వెళ్లినవాళ్లున్నారన్నదీ నిజం. రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోలేనివాడు కొల్లేరు గురించి మాట్లాడకపోవడమే మేలు.

తర్వాత చెరువులు ఎందుకు తిరిగొచ్చాయో మూడు కారణాలు చెబుతాను. ఒకటి, అభయారణ్యం గీత లోపల వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. పట్టా చేతిలో ఉంది, పన్ను రశీదులున్నాయి, కానీ చెరువు వేయకూడదు, నష్టపరిహారమూ చేతికి రాలేదు. ఆ రైతుకు చట్టం మీద గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? రెండు, వరి కంటే చేపకు వచ్చే లీజు ఎన్నో రెట్లు. మూడు, కొట్టిన గట్టు పూర్తిగా చదును కాలేదు. గండి పెట్టి వదిలేశారు. గండి పూడ్చడానికి ఒక్క రాత్రి, ఒక్క మిషను చాలు. మట్టి పని చేసినవాడిగా చెబుతున్నాను, గండి పెట్టిన గట్టు అంటే సగం కట్టి ఉన్న గట్టే.

2008లో మన అసెంబ్లీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం పి.ఎ. అజీజ్‌గారి కమిటీని వేస్తే వాళ్లు కుదించవద్దన్నారు. వాదన ఇప్పటికీ తెగలేదు, ప్రతి ఎన్నికకూ లేస్తుంది. నా అభిప్రాయం అడిగితే: గీతను ఐదు దగ్గరే ఉంచాలి. కానీ ఐదులో ఉంచుతామన్న ప్రతి ప్రభుత్వమూ జిరాయితీ రైతు పరిహారం ముందు తేల్చాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే మధ్యలో చిక్కేది నువ్వే, బీటు మీద లాఠీతో నిలబడ్డ మీ సిబ్బందే.

ఇంకొక్క మాట. సంప్రదాయంగా వల వేసుకునేవాడినీ, గట్టు వేసి నీరు బంధించేవాడినీ ఒకే కేసులో రాయొద్దు. మొదటివాడు చేపను తీసుకుంటాడు, సరస్సును కాదు. చెరువు వదిలే నీటిలో మిగిలిన మేత, కోళ్ల పెంట, మందులు కలిసి వస్తాయి. అది తిని గుర్రపుడెక్క పెరుగుతుంది. ఏలూరు, గుడివాడ, విజయవాడ మురుగు దానికి తోడు. మావులు వేసే ముసలాడు దీనిలో ఎక్కడా లేడు.

4. సైబీరియా గురించి

టూరిస్టులకు మన గైడ్లు చెప్పే మొదటి మాట "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవండీ" అని. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు సైబీరియా మొహం చూడలేదు. అవి దక్షిణాసియావే. మనదేశంలోనే చోటు మార్చుకుంటూ తిరుగుతాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా అవే. చలికాలంలో ఉత్తరాదినుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి, అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. ఇది పరీక్షల కోసం చెప్పడం లేదు. ఇంటి పక్షిని విదేశీ అతిథి అంటే, దానికి ఏడాది పొడవునా మేతా నీడా కావాలన్న సంగతి మరుగున పడిపోతుంది. నువ్వు వెళ్లగానే ముందు గైడ్ల చేత ఆ మాట మాన్పించు.

5. ఆదివారం పూట కొల్లేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను పనిచేసేటప్పుడు కొల్లేరుకు వచ్చేవాడు వేటగాడో, చేపల బేరగాడో, అమ్మవారి మొక్కు ఉన్నవాడో. ఇప్పుడు తణుకులో మా వీధి కుర్రాళ్లు ఆదివారం తెల్లారగట్ల కార్లు తీసి, తాడేపల్లిగూడెం దాటి, పొద్దెక్కకముందే కొల్లేటి రోడ్డు మీద ఉంటున్నారు. కెమెరాలు, డ్రోన్లు, పెళ్లికి ముందు ఫొటోలు. సంతోషమే. చూడనివాడికి కాపాడాలని అనిపించదు. కానీ వాళ్లు చేసే పనుల్లో ఒకటి మాత్రం నిలబడి ఆపించాల్సిందే. పక్షులు కూర్చుని ఉంటే ఫొటో బాగుండదని చప్పట్లు కొట్టి, హారన్ కొట్టి లేపుతారు. గుంపంతా ఒక్కసారి రెక్కలు విప్పితే ఫొటో బాగానే ఉంటుంది. కింద గూటిలో గుడ్లు ఎండకు కాగుతాయి, కాకులూ గద్దలూ పైనుంచి కనిపెడుతూనే ఉంటాయి. తల్లి లేని పది నిమిషాలు చాలు. డ్రోను ఇంకా ఘోరం. పక్షికి అది పైనుంచి వచ్చే గద్దలాగే ఉంటుంది.

ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు వేశారు, వాటి మీద గూళ్లు కట్టాయి. మంచి ఆలోచనే. అయితే గూళ్లన్నీ ఒకచోటికి చేరడంవల్ల చూసేవాళ్లూ అక్కడికే చేరారు. బోటు ఎంత దూరంలో ఆగాలో నీళ్లలో గెడలు పాతి, తాడు కట్టి చూపించు. బోటు నడిపేవాడు "ఇంకాస్త దగ్గరికి" అనే అతిథికి లొంగకుండా ఉండాలంటే, అతని కూలి ఆ అతిథి ఇచ్చే బక్షీసు మీద ఆధారపడకూడదు. నెల జీతం ఇప్పించు, తాడు దానంతట అది పనిచేస్తుంది. గూళ్లు కట్టే కాలంలో కొన్ని వారాలు ఒక వైపు పూర్తిగా మూసేసే అధికారం రేంజి స్థాయిలోనే ఉండేలా చూసుకో. పైనుంచి ఆర్డరు వచ్చేలోపు పిల్లలు ఎగిరిపోతాయి, లేదా చచ్చిపోతాయి.

టికెట్టు డబ్బు ఎవరికి పోతుందన్నది అన్నిటికంటే ముఖ్యం. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. ఒకప్పుడు ఊళ్లో చాలామంది పక్షులు పట్టి అమ్మేవాళ్లు. 2000 నాటికి ఆ వేటగాళ్లలోనే కొందరు సంఘం పెట్టుకుని వేట మానేశారు, నెమ్మదిగా పడవలు నడిపే గైడ్లయ్యారు. ఇప్పుడక్కడ చిన్న దోనె మీద, మోటారు లేకుండా, పక్షులకు బాగా దగ్గరగా తీసుకెళ్తారు. అవి ఎగరవు, ఎందుకంటే పడవ గెడ పట్టుకున్నవాడికి ఏ పక్షి ఎక్కడ బెదురుతుందో తెలుసు. మన లంకల్లో గెడ పట్టడం వచ్చినవాళ్లకు కరువా? గుడివాకలంకలోనో, శృంగవరప్పాడులోనో, కొల్లేటికోటలోనో కుర్రాళ్లకు ఆ పని ఇస్తే, చెరువు లీజు కంటే తక్కువే వస్తుంది కానీ వాళ్ల సొంత చేతికి వస్తుంది. బయటి పెట్టుబడిదారుడు చెరువు దగ్గర చేసిందే రిసార్టు దగ్గరా చేస్తాడు. ఊరివాణ్ణి గేటు దగ్గర నిలబెడతాడు. ఆ సినిమా ఒకసారి చూశాం.

ఒడ్డు హోటళ్ల బోర్డుల మీద "కొల్లేరు చేప" అని ఉంటుంది. ప్లేటులోకి వచ్చేది చాలాసార్లు చెరువు రూప్‌చందో, ఫంగసో. దానికి నువ్వేం చేయలేవు గానీ, లంకలో ఎవరింట్లోనైనా నాటు కొర్రమీను పులుసు పెడితే కాదనకు.

సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండగ చేస్తున్నారు. అలాంటిది మనకూ పెట్టాలని మాట వస్తే పెట్టనీ. స్టేజీ, మైకులు, పాటకచేరీ ఏలూరులోనో కైకలూరులోనో పెట్టించు. సరస్సు దగ్గర మైకు వద్దు.

6. బోటు

లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించవద్దు, మంత్రిగారైనా సరే. కచ్చులూరులో 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పడవ మునిగింది గుర్తుంది కదా. కొల్లేరు లోతు తక్కువే అంటారు. గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటే నడుములోతు చాలు.

7. జాతర వేరు, టూరిజం వేరు

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు వచ్చే జనాన్ని టూరిస్టులను చూసినట్టు చూడకు. వాళ్లు ఏటా వస్తారు, అమ్మవారికి భయపడతారు, ఆ భయం నీకు అక్కరకొస్తుంది. గుడి దగ్గరి సర్కారు కాలువలో ప్లాస్టిక్ ప్లేట్లు పడేయొద్దని మీ శాఖ మైకులో చెబితే ఎవరూ వినరు. గుడి పూజారి నోట, ఊరి పెద్దల నోట చెప్పించు. జాతర ముగిసిన మర్నాడు మీ సిబ్బంది కూడా లంకవాళ్లతో కలిసి ఒడ్డు శుభ్రం చేస్తే, ఆ పరిచయం చెరువు గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది.

8. ఒక్క శాఖతో అయ్యేది కాదు

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కొల్లేరు రెండు జిల్లాల మధ్య నలిగేది. కైకలూరు వైపు కృష్ణా కలెక్టరు, ఏలూరు వైపు పశ్చిమగోదావరి కలెక్టరు. గుర్రపుడెక్క సరిహద్దు చూసుకుని పెరగదు, కానీ తీయించే టెండరు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోయేది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు, మండవల్లి కూడా అందులోకి రావడంతో ఆ చిక్కు చాలావరకు తీరింది. ఆకివీడు, ఉప్పుటేరు కింది భాగం మాత్రం భీమవరం జిల్లా కేంద్రానికే ఉండిపోయాయి. అంటే సరస్సు ఒక కలెక్టరు కింద, దాని గొంతు ఇంకో కలెక్టరు దగ్గరా. అందుకని అక్కడి డ్రెయిన్ల ఇంజినీరు ఫోన్ నంబరు నీ దగ్గర ఉండాలి, నీది ఆయన దగ్గర ఉండాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. టీవీలన్నీ సింగ్‌నగర్ చూపించాయి. ఆ నీరు తర్వాత ఎక్కడికి వెళ్లిందని అడిగినవాళ్లు తక్కువ. కొల్లేరుకే వచ్చింది. పెదఎడ్లగాడి దగ్గర ఏలూరు కైకలూరు రోడ్డు మునిగింది, లంకలకు పడవలే దిక్కయ్యాయి. ఖానాలకు అడ్డం పడిన గుర్రపుడెక్క తీయడానికి మళ్లీ మిషన్లు వచ్చాయి. ప్రతి వరదకూ అదే. ఆ డెక్కను వరదలో తీస్తే పని మూడింతలు, ఖర్చు మూడింతలు. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గినప్పుడే తీయించాలని నేను సర్వీసులో ఉన్నప్పుడు నోట్ ఫైల్స్ రాసేవాణ్ణి. పక్షుల మేతకు కొంత నాచు, కొంత కిక్కిస ఉంచాలి కాబట్టి ఎక్కడ తీయాలి, ఎక్కడ వదలాలన్నది మీ శాఖ చెప్పాలి. అది చెప్పకపోతే కాంట్రాక్టరు రోడ్డు పక్కన కనిపించేది తీసి బిల్లు పెడతాడు.

9. లెక్క రాసుకో

కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రవేత్త 1946లో కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద గూళ్ల కాలనీని కనిపెట్టి ప్రపంచానికి చెప్పారు. దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టేవట. 1975 వచ్చేసరికి ఆ చోటు ఖాళీ. చుట్టుపక్కల చేపల పనులు పెరగడమే కారణమంటారు. అవి మళ్లీ ఆటపాకకు రావడం మన భాగ్యం. నీలకంఠన్ రాసిపెట్టబట్టే ఏం పోయిందో మనకు తెలుస్తోంది. నువ్వూ రాయి. ఎన్ని పక్షులు, ఎన్ని గూళ్లు అన్నది అందరూ రాస్తారు. దాంతోపాటు ఆ రోజు గేజీ మీద నీటి మట్టం, ఉప్పుటేరులో ఆటు పోటు, ఏ డ్రెయిన్ నీరు ఏ రంగులో దిగింది, ఆదివారం ఎన్ని బళ్లు వచ్చాయి, అవీ రాయి. నాలుగైదేళ్లు రాస్తే నీ నోట్‌బుక్‌కు ఏ కమిటీ ముందైనా విలువ ఉంటుంది.

10. ఉప్పుటేరు గేట్లు

చిలికాకు 2000లో సముద్రానికి కొత్త నోరు తవ్వారు, 2002లో అది ప్రమాదంలో ఉన్న సరస్సుల జాబితా నుంచి బయటపడింది. అదే ఏడాది మన కొల్లేరు రామ్‌సార్‌లోకి ఎక్కింది. అందుకే మనవాళ్లకు కూడా ఉప్పుటేరుకు ఏదో ఒకటి చేస్తే కొల్లేరు బాగుపడుతుందన్న ఆశ. చిలికాకు ఉప్పునీరు కావాలి, కొల్లేరుకు అదే చేటు. వేసవిలో సముద్రపు పోటుకు ఉప్పు పైకి ఎక్కకుండా, సరస్సులో కాస్త నీరు ఆగేలా ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలని నా సర్వీసు కాలం నుంచి వింటున్నాను. పనికొచ్చే ఆలోచనే. కానీ గేటు అంటూ వచ్చాక దాన్ని ఎత్తమనేవాళ్లు కొందరు, దించమనేవాళ్లు కొందరు ఉంటారు. వరి రైతుకు డ్రెయిన్ లాగాలి, చెరువువాడికి నీరు నిలవాలి, రొయ్యల రైతుకు ఉప్పు కావాలి, గూడబాతుకు మోకాలి లోతు నీళ్లలో చేప దొరకాలి, బోటు షికారుకు లోతు కావాలి. ఆ ఫైలు ఎప్పుడైనా నీ టేబుల్ మీదికి వస్తే డిజైన్ డ్రాయింగులు తర్వాత చూడు. ముందు ఒక్కటే అడుగు: మే నెలలో గేటు ఎవరి సంతకం మీద దించుతారు, ఆ సంతకం పెట్టే సమావేశంలో లంకల తరఫున ఎవరు కూర్చుంటారు?